ఎంటర్ నొక్కే ముందు: అంకెల సాఫ్ట్‌వేర్‌లో తొలి కమాండ్లు, తొలి గ్రాఫులు

(ఆక్టేవ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ శిక్షణ తరగతుల్లో మొదటి రోజు చేసిన ప్రసంగం ఇది. తెర మీద టైపు చేసి చూపించిన కమాండ్లను వినబడినట్టే రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి తెర మీద అక్షరాలు కనబడకపోతే చెప్పండి, ఫాంట్ పెంచుతాను. సరే, మొదలుపెడదాం.

ఈ క్లాసుకి వచ్చే చాలామందికి ఒకటే టెన్షన్: ఇన్ని కమాండ్లు ఎలా గుర్తుపెట్టుకోవాలి అని. గుర్తుపెట్టుకోనక్కర్లేదు. రోజూ వాడేవి కొన్నే ఉంటాయి, అవి చేతికి వాటంతటవే అలవాటవుతాయి. మిగతావి ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు కూడా హెల్ప్ అని కొట్టి చూసుకునేవే. నేను ఇవాళ మీకు అలవాటు చేయాలనుకుంటున్నది వేరే. కమాండ్ టైపు చేశాక, ఎంటర్ నొక్కే ముందు ఒక్క క్షణం ఆగండి. ఏం వస్తుందో మనసులో అనుకోండి. కచ్చితంగా అక్కర్లేదు. పది లోపు ఉంటుంది, నెగటివ్ వస్తుంది, అయిదు అంకెలు వస్తాయి, గీత పైకి పోతుంది... ఇంత చాలు. ఆ తర్వాత ఎంటర్. అనుకున్నది వస్తే ముందుకు పోండి. రాకపోతే అక్కడ ఆగండి. మీ ఊహైనా తప్పయి ఉండాలి, మీరు కొట్టిన లైనైనా తప్పయి ఉండాలి. ఏది తప్పో తేలేదాకా తర్వాతి లైనుకి వెళ్లొద్దు.

ఇది నేను కనిపెట్టిన పద్ధతేం కాదు. మనం వాడబోయే సాఫ్ట్‌వేర్ పేరు ఆక్టేవ్ కదా, అది సంగీతానికి సంబంధించిన పేరనుకుంటారు చాలామంది. కాదు. ఆక్టేవ్ లెవెన్‌స్పీల్ అని ఒక కెమికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఉండేవారు. దీన్ని రాసిన జాన్ ఈటన్‌కి ఆయన ఒకప్పటి గురువు. కాగితం ముక్క మీద నాలుగు గీతలు గీసి, ఎంత పెద్ద లెక్కకైనా సుమారు జవాబు చెప్పేయడంలో ఆయన దిట్ట. అలాంటాయన పేరు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని, సుమారు జవాబు అనుకోకుండా బటన్ నొక్కితే ఏం బాగుంటుంది?

ముందు దీన్ని మామూలు కాలిక్యులేటర్‌లా వాడదాం. 7/2 అని కొట్టండి. ఆన్స్ = 3.5000 అని వచ్చింది. మీరు జవాబుకి పేరు పెట్టలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ తనే ఆన్స్ అని పెట్టుకుంది. ఇంకో లెక్క చేయగానే ఆ పేరులో ఉన్నది పోయి కొత్తది వస్తుంది. అందుకే దాచుకోవాల్సినదానికి మీరే పేరు పెట్టండి: ఏ = 7/2. లైను చివర సెమికోలన్ పెడితే లెక్క జరుగుతుంది కానీ జవాబు తెర మీద పడదు. లక్ష అంకెలున్న వరసకి సెమికోలన్ పెట్టడం మరిచిపోతే ఎలా ఉంటుందో ఇవాళ మీలో ఎవరో ఒకరు చూస్తారు. కంగారు పడకండి, కంట్రోల్ పట్టుకుని సీ నొక్కితే ఆగుతుంది. ఇప్పటిదాకా ఏయే పేర్లు పెట్టారో చూడాలంటే హూజ్. అన్నీ చెరిపేయాలంటే క్లియర్. సీఎల్‌సీ అని ఇంకోటుంది, అది తెర తుడుస్తుందంతే, మీరు పెట్టిన పేర్లన్నీ లోపల అలాగే ఉంటాయి. ఈ రెండింటినీ కలగాపులగం చేసుకోవద్దు.

ఇప్పుడు మొదటి పరీక్ష. 0.1 + 0.2 == 0.3 అని టైపు చేస్తున్నాను. రెండు ఈక్వల్ గుర్తులు పక్కపక్కన పెడితే ఇవి రెండూ సమానమేనా అని అడిగినట్టు. అవునంటే 1, కాదంటే 0. ఎంటర్ నొక్కలేదు ఇంకా. చెప్పండి, ఎంత? అందరూ 1 అంటున్నారు. చూడండి... 0.

ఇక్కడ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోవడం సులువు. కానీ కంప్యూటర్ అంకెల్ని బైనరీలో, అంటే 0, 1లతోనే దాచుతుంది. మనకి పదుల పద్ధతిలో 1/3 రాస్తే 0.3333 అంటూ ఎలా తెగదో, బైనరీలో పదో వంతు అలాగే తెగదు. ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. ఎక్కడ కత్తిరించాలో 1985లో వచ్చిన ఐఈఈఈ 754 అనే ప్రమాణం నిర్ణయించింది. ఒక్కో అంకెకి 64 బిట్లు. దాంట్లో మనకి దక్కేది సుమారు 15, 16 దశాంశ అంకెల కచ్చితత్వం. ఎప్స్ అని కొట్టండి. 2.2204 ఇంటూ 10 పవర్ మైనస్ 16 వస్తుంది. 1కీ, దాని తర్వాత ఈ యంత్రం దాచగలిగిన పై అంకెకీ మధ్య ఉన్న ఎడం అది. ఈ అంకెని గుర్తుంచుకోండి, సాయంత్రం లోపు మళ్లీ రెండు మూడు సార్లు ఎదురుపడుతుంది.

ఇంకోటి చూద్దాం. 1ఈ16 అంటే 1 పక్కన పదహారు సున్నాలు. దానికి 1 కలిపి, మళ్లీ 1ఈ16తో సమానమేనా అని అడుగుతున్నాను. ఈసారి జాగ్రత్తపడ్డారు, గుడ్. జవాబు 1. అవును, సమానమే అంటోంది. ఆ ఒకటి పట్టడానికి చోటు లేదు. కాబట్టి దశాంశాలున్న అంకెల్ని ఎప్పుడూ రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చొద్దు. రెండింటి తేడా తీసి, మైనస్ ఉంటే తీసేసే ఏబీఎస్ వేసి, అది బాగా చిన్నదేనా అని అడగండి.

పేర్ల గురించి ఒక్క మాట, తర్వాత మర్చిపోతాను. సమ్ అనేది కూడిక చేసే కమాండ్. ఎవరైనా ఉత్సాహంగా సమ్ = 10 అని పెట్టారనుకోండి, అభ్యంతరం చెప్పదు, తీసుకుంటుంది. ఆ తర్వాత సమ్ బ్రాకెట్‌లో ఒక వరస ఇస్తే కూడిక చేయదు. సమ్ అనే పెట్టెలో ఫలానా గడి చూపించమన్నారనుకుని, అలాంటి గడి లేదని ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు క్లియర్ సమ్ అంటే పాత కమాండ్ తిరిగొస్తుంది. పది నిమిషాలు తల బద్దలు కొట్టుకునే ఎర్రర్లలో సగం ఇలాంటివే.

ఇక అసలు విషయానికొద్దాం. ఆక్టేవ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో ప్రతిదీ ఒక మాత్రిక, అంటే అడ్డ, నిలువు వరసల్లో పేర్చిన అంకెల పట్టిక. ఒంటి అంకె కూడా ఒకటి బై ఒకటి మాత్రికే. ఎందుకిలా అంటే వీటి పుట్టుకే అలాంటిది. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ అనే గణిత ప్రొఫెసర్ న్యూ మెక్సికో యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారు. మాత్రికల లెక్కలకి లిన్‌ప్యాక్, ఐస్‌ప్యాక్ అని, ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మంచి ప్రోగ్రాములుండేవి. వాటిని వాడాలంటే విద్యార్థులు ఫోర్ట్రాన్ ప్రోగ్రాం రాయాలి. ఆ బాధ తప్పించడానికి, ఒక లైను కొడితే జవాబు వచ్చేలా ఆయన ఒకటి తయారుచేశారు. మాట్రిక్స్ ల్యాబొరేటరీ, పొట్టిగా మ్యాట్‌ల్యాబ్. అందులో మాత్రిక తప్ప ఇంకే రకం డేటా లేదు. 1984లో జాక్ లిటిల్, స్టీవ్ బ్యాంగర్ట్‌లతో కలిసి మ్యాత్‌వర్క్స్ కంపెనీ పెట్టాక అది వ్యాపారంలోకి వచ్చింది. ఆ భాషనే ఉచితంగా వాడుకోవడానికి మనకి ఆక్టేవ్ ఉంది.

ఎక్స్ = [1 2 3 4 5] అని పెట్టండి. ఇప్పుడు ఎక్స్ * ఎక్స్. ఏం వస్తుంది? ఒక్కోదాని వర్గం వస్తుందంటున్నారు. ఎంటర్. ఎర్రర్. నాన్‌కన్ఫార్మెంట్ ఆర్గ్యుమెంట్స్ అని, మొదటిది 1 బై 5, రెండోది 1 బై 5 అని చెప్తోంది. చాలామంది ఎర్రర్ అనగానే చదవకుండా మళ్లీ టైపు చేయడం మొదలుపెడతారు. చదవండి. సమస్య ఏమిటో అందులోనే ఉంది. స్టార్ అంటే ఇక్కడ మాత్రికల గుణకారం. మొదటిదాని నిలువు వరసలు ఎన్నో రెండోదాని అడ్డ వరసలు అన్ని ఉండాలి. మనకి కావాల్సింది గడికి గడి గుణకారం. దానికి స్టార్ ముందు చుక్క పెట్టాలి. ఎక్స్ .* ఎక్స్ అంటే 1, 4, 9, 16, 25. భాగహారానికీ ఘాతానికీ అంతే, ముందు చుక్క. ఈ చుక్క మరవడం వల్ల వచ్చే ఎర్రర్లే మొదటి వారంలో అందరికీ ఎక్కువ.

అదే ఎక్స్ స్టార్ ఎక్స్ పక్కన ఒక కొటేషన్ గుర్తు పెడితే? ఆ గుర్తు అడ్డాన్ని నిలువు చేస్తుంది. ఒకటి బై అయిదుని అయిదు బై ఒకటితో గుణిస్తున్నాం. జవాబు ఎన్ని అంకెలుంటుంది? ఒక్కటే. ఎంత? వర్గాల మొత్తం, 55. కొటేషన్‌ని మొదటి ఎక్స్‌కి పెడితే? ఎవరో 25 అంకెలన్నారు, శభాష్. అయిదు బై అయిదు మాత్రిక. చూశారా, అంకెలు తెలియకపోయినా సైజు తెలిస్తే సగం జవాబు తెలిసినట్టే. ఏదైనా అనుమానం వస్తే ముందు సైజ్ అని కొట్టండి.

ఎర్రర్ వచ్చిందంటే అదృష్టం, ఎందుకంటే తప్పు దొరికింది. ఎర్రర్ రానివే ప్రమాదం. [1 2 3] అడ్డ వరసకి 10, 20, 30 ఉన్న నిలువు వరసని కూడండి. మూడు అంకెలు వస్తాయనుకుంటారు. తొమ్మిది వస్తాయి. చిన్న వరసల్ని తనే సాగదీసి మూడు బై మూడు మాత్రిక చేసేస్తుంది. మ్యాట్‌ల్యాబ్ కూడా 2016 నుంచి ఇదే చేస్తోంది. తెలిసి వాడితే చాలా ఉపయోగం. తెలియకపోతే మీరు ఒక గీత గీద్దామనుకుంటే తెర మీద మూడు గీతలు వస్తాయి, ఎందుకో అర్థం కాదు.

గడుల్లోంచి అంకె తీయాలంటే గుండ్రటి బ్రాకెట్లు. ఎక్స్(2) అంటే రెండోది. లెక్క ఒకటి నుంచి మొదలు, సున్నా కాదు. చివరిదానికి ఎండ్. ఎక్స్(ఎక్స్ > 3) అంటే మూడు కన్నా పెద్దవి మాత్రమే, 4, 5. సమీకరణాలు సాధించడానికి వెనక్కి వాలిన గీత ఉంది, బ్యాక్‌స్లాష్. 2ఎక్స్ + వై = 5, ఎక్స్ + 3వై = 10. ఏ = [2 1; 1 3], బీ = [5; 10], ఏ\బీ. 1, 3 వచ్చాయి. మూడు వందల సమీకరణాలున్నా కొట్టేది ఆ మూడు గుర్తులే. మోలర్ విద్యార్థులకి అందించాలనుకున్న సౌకర్యం సరిగ్గా ఇదే.

ఎవరో చెయ్యెత్తారు. ఆ, అడగండి.

మ్యాట్‌ల్యాబ్ నేర్చుకోవాలా, ఆక్టేవా, పైథానా అని అడుగుతున్నారు. మీ పనిచోట ఏది ఉంటే అది. మ్యాట్‌ల్యాబ్‌కి లైసెన్సు కొనాలి, దాంట్లో రకరకాల టూల్‌బాక్సులుంటాయి. ఆక్టేవ్ ఉచితం, ఇవాళ మనం కొట్టే లైన్లన్నీ రెండింట్లోనూ నడుస్తాయి. ఫ్రాన్స్‌లో పుట్టిన సైల్యాబ్ కూడా ఉచితమే, భాష దగ్గరగా ఉంటుంది కానీ చిన్న చిన్న తేడాలున్నాయి: పై (3.1415...) అనే పేరు ముందు పర్సెంట్ గుర్తు పెట్టాలి, కామెంటుకి రెండు వాలు గీతలు. పైథాన్‌లో నమ్‌పై అనే లెక్కల ప్యాకేజీ వాడేవాళ్లకి లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, మామూలు స్టార్ అంటేనే గడికి గడి గుణకారం. గ్రాఫులకి అక్కడ జాన్ హంటర్ మొదలుపెట్టిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంది. దాని కమాండ్లు మ్యాట్‌ల్యాబ్ వరవడిలోనే ఉంటాయి కాబట్టి ఇవాళ నేర్చుకున్నది వృథా పోదు. నా అభిప్రాయం అడిగితే, ఏదో ఒకటి బాగా వచ్చాక రెండోది సులువు. మూడూ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లు చుక్క ఎక్కడ పెట్టాలో తేలక అవస్థ పడతారు.

సరే, గ్రాఫులు.

అంకెలుండగా బొమ్మ ఎందుకనే ప్రశ్నకి ఫ్రాన్సిస్ ఆన్‌స్కంబ్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లో జవాబిచ్చారు. నాలుగు జాబితాలు తయారుచేశారు, ఒక్కోదాంట్లో పదకొండు బిందువులు. నాలుగింటికీ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, గీత అమర్చితే నాలుగింటికీ దాదాపు వై = 3 + 0.5 ఎక్స్. గ్రాఫ్ గీసి చూస్తే మొదటిది మామూలుగా చెదిరిన బిందువులు, రెండోది వంపు, మూడోది ఒక్క బిందువు తప్ప అంతా సరళరేఖ, నాలుగోదాంట్లో ఒక్కటి తప్ప అన్నీ ఒకే నిలువు గీత మీద. సగటు చూసి ఆగిపోయేవాళ్లకి ఇవన్నీ ఒకటే.

అయితే బొమ్మ కూడా మోసం చేస్తుంది. ప్లాట్ అనే కమాండ్‌కి మీ ఫంక్షన్ ఏమిటో తెలియదు. మీరిచ్చిన బిందువులు పెడుతుంది, పక్కపక్క బిందువుల్ని తిన్నటి గీతలతో కలుపుతుంది, అంతే. ఇది బుర్రలో పెట్టుకుంటే మిగతా అంతా దాన్నుంచే వస్తుంది.

లిన్‌స్పేస్(0, 2*పై, 5) అంటే 0 నుంచి 2పై దాకా సమాన దూరాల్లో అయిదు బిందువులు. దాన్ని ఎక్స్ అందాం. వై = సైన్(ఎక్స్). ప్లాట్(ఎక్స్, వై). ఊహించండి. కెరటంలా వస్తుందా? రాదు. బిందువుల దగ్గర సైన్ విలువలు 0, 1, 0, మైనస్ 1, 0. కలిపితే రెండు త్రిభుజాలు. అయిదు తీసి 200 పెడితే నున్నగా వస్తుంది. గీత నున్నదనం మనం ఇచ్చిన బిందువుల నుంచి వచ్చింది తప్ప సైన్ నుంచి రాలేదు.

ఇప్పుడు ఇంకొంచెం కష్టమైనది. వై = సైన్(10*ఎక్స్). 0 నుంచి 2పై లోపల పది కెరటాలు రావాలి. ఎక్స్‌కి 12 బిందువులు ఇస్తున్నాను. ఏం కనబడుతుంది? "గజిబిజి గీతలు" అన్నారు. మంచి ఊహే. చూడండి.

ఒకే ఒక్క కెరటం. కాస్త కోణాలుగా ఉంది కానీ చక్కటి కెరటం, అదీ తలకిందులుగా. మొదట కిందికి దిగి తర్వాత పైకి లేస్తోంది. ఈ బొమ్మని ఎవరికైనా చూపిస్తే నెగటివ్ సైన్ ఎక్స్ అంటారు, పందెం కూడా కాస్తారు. కారణం చూడండి. 12 బిందువులంటే మధ్యలో 11 ఖాళీలు. సున్నా నుంచి లెక్కపెడితే, కే అనే బిందువు దగ్గర ఎక్స్ విలువ 2పై కే బై 11. దాన్ని పదితో గుణిస్తే 20పై కే బై 11. అంటే 2పై కే లోంచి 2పై కే బై 11 తీసేసినట్టు. 2పై కే అంటే పూర్తి చుట్లు, సైన్ దాన్ని పట్టించుకోదు. మిగిలింది మైనస్ సైన్. లెక్కలో ఎక్కడా తప్పు లేదు, ప్రతి బిందువూ నిజమైన గీత మీదే ఉంది. వాటి మధ్య ఏం జరిగిందో మనం చూడలేదు, అంతే. సినిమాలో వేగంగా పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనబడేది ఇందుకే. ఒక్కో కెరటానికి కనీసం రెండు బిందువుల కన్నా ఎక్కువ ఉండాలి. గీత నున్నగా కనబడాలంటే ఇరవై పైన ఇవ్వండి.

అందుకే నా అలవాటు ఏమిటంటే, కొత్త గ్రాఫ్ మొదటిసారి ఎప్పుడూ గీత లేకుండా, చిన్న సున్నాలతో గీస్తాను. ప్లాట్‌లో మూడో మాటగా కొటేషన్లలో 'ఓ' అనే ఇంగ్లీషు అక్షరం ఇస్తే బిందువులు మాత్రమే వస్తాయి. ఉన్నవెన్నో, ఎక్కడున్నాయో తెలుస్తుంది. గీత తర్వాత.

ఇక అక్షాలు. ఎక్స్ = 0:1:10, అంటే 0 నుంచి 10 దాకా ఒకటి ఎడంతో. వై = సైన్(2*పై*ఎక్స్). పూర్తి చుట్లు కాబట్టి అన్నీ సున్నా రావాలి, అడ్డంగా ఒక తిన్నటి గీత. గీయండి. ఎడమ నుంచి కుడికి కిందికి జారిపోయే గీత వచ్చింది కదా! భయపడకుండా నిలువు అక్షం మీది అంకెలు చూడండి. 10 పవర్ మైనస్ 15 స్థాయిలో ఉన్నాయి. ఎప్స్ మళ్లీ ఎదురుపడింది. కంప్యూటర్‌లో ఉన్న పై (3.1415...) విలువ కూడా కత్తిరించినదే కాబట్టి సైన్(పై) కచ్చితంగా సున్నా రాదు. ఆ చెత్తని ప్లాట్ నిండుగా తెర పట్టేలా పెంచి చూపించింది. అడిగితే తప్ప అక్షాల హద్దులు తనే నిర్ణయిస్తుంది. వైలిమ్([-1 1]) అని కొట్టండి, ఆ వాలు మాయం. ఏ గ్రాఫ్ చూసినా గీత కన్నా ముందు అక్షం మీది అంకెలు చదవండి, మీదైనా, పేపర్లో వేసినదైనా.

ట్యాన్ గీయండి, 0 నుంచి 2పై దాకా. 400 బిందువులతో కూడా తెర మీద నాలుగు ముళ్లు తప్ప ఏమీ కనబడదు, ఎందుకంటే పై బై 2 దగ్గర విలువలు వందల్లోకి పోతాయి. వైలిమ్ మైనస్ 10, 10 పెడితే ఆకారం కనబడుతుంది కానీ మధ్యలో నిలువు గీతలుంటాయి. అవి ట్యాన్‌లో లేవు. పైన ఉన్న బిందువునీ కింద ఉన్న బిందువునీ ప్లాట్ అమాయకంగా కలిపేసింది. తీసేయాలంటే వై(ఏబీఎస్(వై) > 50) = నాన్. నాన్ అంటే ఇది అంకె కాదని అర్థం. దాని దగ్గర గీత తెగుతుంది. డేటా ఫైళ్లలో ఖాళీ గడులున్నప్పుడు కూడా నాన్ పెట్టడం మేలు. కొన్ని పాత రీడ్ కమాండ్లు ఖాళీని సున్నాగా చదువుతాయి, గ్రాఫ్ ఉన్నట్టుండి నేలకి దిగి మళ్లీ లేస్తుంది, చూసినవాళ్లు ఏదో జరిగిందనుకుంటారు. వృత్తం గీస్తే కోడిగుడ్డులా వచ్చిందంటే యాక్సిస్ ఈక్వల్ కొట్టండి. పాత గీత మీదే కొత్తది గీయాలంటే హోల్డ్ ఆన్. వేరే కిటికీ కావాలంటే ఫిగర్.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ. ఆరు గ్రహాలు: బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు, గురుడు, శని. సూర్యుడి నుంచి దూరం, భూమి దూరం 1 అనుకుంటే, 0.387, 0.723, 1, 1.524, 5.203, 9.54. ఒక చుట్టుకి పట్టే కాలం, సంవత్సరాల్లో, 0.241, 0.615, 1, 1.881, 11.86, 29.46. మొదటి వరస డీ, రెండోది టీ. ప్లాట్(డీ, టీ, 'ఓ').

నాలుగు చుక్కలు ఎడమ మూల ఇరుక్కుపోయాయి, రెండు దూరంగా ఉన్నాయి. ఏదో వంపు ఉందని తెలుస్తోంది, ఏ వంపో తెలియదు. వర్గమా? ఘనమా? ఇప్పుడు ప్లాట్ అనే మాట తీసి లాగ్‌లాగ్ అని పెట్టండి, అప్పుడు రెండు అక్షాల మీదా ఒక్కో మెట్టుకి విలువ పది రెట్లవుతుంది. మిగతా లైను అదే. ఆరు చుక్కలూ ఒకే సరళరేఖ మీదకొచ్చి నిలబడ్డాయి.

రెండు అక్షాలూ లాగ్ అయినప్పుడు సరళరేఖ వచ్చిందంటే ఒకటి ఇంకోదాని ఘాతం అన్నమాట. ఆ ఘాతం ఎంతో రేఖ వాలు చెప్తుంది. బిందువులకి గీత అమర్చే కమాండ్ పాలీఫిట్. పాలీఫిట్(లాగ్(డీ), లాగ్(టీ), 1) అని కొట్టండి, కానీ ముందు కంటితో చూసి చెప్పండి. 1 కన్నా ఎక్కువే, 2 కన్నా తక్కువ. ఎంటర్. 1.5. కాలం వర్గం దూరం ఘనంతో సమానం. కెప్లర్ మూడో సూత్రం, 1619లో అచ్చయింది. నేపియర్ లాగరిథమ్స్ పుస్తకం వచ్చి అప్పటికి అయిదేళ్లే. ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథమ్ అని గుర్తుంచుకోండి, పది ఆధారంగా కావాలంటే లాగ్10. వాలు వరకైతే ఏది వాడినా ఒకటే వస్తుంది.

కెప్లర్ కాలానికి ఈ ఆరే తెలుసు. హెర్షెల్ 1781లో యురేనస్‌ని కనిపెట్టాడు, దూరం 19.19. ఎన్నేళ్లకొక చుట్టు? 19.19^1.5. ఇరవై వర్గమూలం నాలుగున్నర లోపు, దాన్ని ఇరవైతో గుణిస్తే తొంభై లోపు ఉండాలి. ఎంటర్. 84 చిల్లర. అసలు విలువ 84 ఏళ్లు. నెప్ట్యూన్ మీరు చేయండి, దూరం 30.07.

ఒక అక్షమే లాగ్ అయితే సెమీలాగ్‌వై. చక్రవడ్డీలా పెరిగేవి అందులో సరళరేఖ అవుతాయి. దాని గురించి రేపు.

చివరగా ఒకటి. ఇది మీ ఊహని ఓడించడానికే తెచ్చాను. సైన్ అవకలనం, అంటే డెరివేటివ్, 1 దగ్గర ఎంతో మనకి తెలుసు, కాస్ 1, అంటే 0.5403. దాన్ని అంకెలతో కడదాం. సైన్(1+హెచ్) లోంచి సైన్(1) తీసేసి హెచ్‌తో భాగించడం. హెచ్ ఎంత చిన్నదైతే జవాబు అంత దగ్గరవుతుందని కాలిక్యులస్ పుస్తకం మొదటి పేజీల్లోనే ఉంటుంది. హెచ్ = లాగ్‌స్పేస్(-16, -1, 16) అంటే 10 పవర్ మైనస్ 16 నుంచి 10 పవర్ మైనస్ 1 దాకా. అసలు జవాబుకీ దీనికీ ఉన్న తేడాని లాగ్‌లాగ్‌లో గీద్దాం. కుడి చివర హెచ్ పెద్దది, ఎడమ చివర చిన్నది. గీత ఎలా ఉంటుంది? కుడి నుంచి ఎడమకి దిగుతూ పోతుంది, అంతేనా? చేతులెత్తండి. దాదాపు అందరూ.

చూడండి. కుడి సగం మీరన్నట్టే దిగుతోంది, హెచ్ పదో వంతు అయినప్పుడల్లా తప్పు కూడా పదో వంతు. 10 పవర్ మైనస్ 8 దగ్గర అడుగు తాకింది. అక్కడి నుంచి మళ్లీ పైకి లేస్తోంది, ఎగుడుదిగుడుగా. ఎడమ చివర, హెచ్ అన్నిటికన్నా చిన్నగా ఉన్నచోట, తప్పు 0.54. అంటే కంప్యూటర్ ఇచ్చిన జవాబు సున్నా! ఎందుకో మీరే చెప్పగలరు ఇప్పుడు. 1 పక్కన ఎడం ఎప్స్ అన్నాం, 2.2 ఇంటూ 10 పవర్ మైనస్ 16. మన హెచ్ దానిలో సగం కూడా లేదు. 1 + హెచ్ మళ్లీ 1 అయిపోయింది. తీసివేత సున్నా. దానికి కొంచెం కుడివైపున తీసివేత సున్నా కాదు గానీ, దాదాపు సమానమైన రెండు అంకెల్ని తీసేస్తే ముందున్న అంకెలన్నీ కొట్టుకుపోయి కత్తిరింపు చెత్త మిగులుతుంది. దాన్ని చిన్న హెచ్‌తో భాగించి మనమే పెద్దది చేస్తున్నాం. అడుగు 10 పవర్ మైనస్ 8 దగ్గరే ఎందుకుందంటే, అది ఎప్స్ వర్గమూలానికి దగ్గర. 16 అంకెలు వరసగా చదివితే ఈ ఆకారం కంటికి ఆనేది కాదు.

ఇక పని మొదలుపెట్టే ముందు రెండు మూడు చిల్లర సంగతులు. ఎక్స్‌లేబుల్, వైలేబుల్, టైటిల్ రాయని గ్రాఫ్ నేను చూడను. యూనిట్లు కూడా రాయాలి, కాలం అని రాస్తే చాలదు, సంవత్సరాల్లోనా సెకన్లలోనా? రెండు గీతలుంటే లెజెండ్. అందులో పేర్లు మీరు గీసిన వరసలోనే ఇవ్వాలి, తారుమారైతే సాఫ్ట్‌వేర్ హెచ్చరించదు. బొమ్మ దాచడానికి ప్రింట్ కమాండ్. పీఎన్‌జీ అయితే పెంచినప్పుడు గీతలు మసకబారతాయి, రిపోర్టులో పెట్టేదైతే పీడీఎఫ్ లేదా ఎస్‌వీజీలో దాచండి. తెర ఫొటో తీసి అతికించొద్దు. ముఖ్యమైన లైన్లన్నీ ఎడిటర్‌లో ఒక ఫైలుగా, చివర చుక్క ఎం పెట్టి దాచుకోండి. ఫైలు పేరు ప్లాట్ అని మాత్రం పెట్టకండి, ఇందాక సమ్‌కి పట్టిన గతే ప్లాట్‌కీ పడుతుంది.

మెషిన్లు ఆన్ చేసుకోండి. మొదట పది కెరటాల ఉదాహరణ తీసి, బిందువులు 12 చోట 11 పెట్టండి. తర్వాత 21. రెండిటికీ ఏం కనబడుతుందో ముందు నోట్‌బుక్‌లో పెన్నుతో గీసి నాకు చూపించాకే ఎంటర్ నొక్కాలి. 21 దగ్గర ఖాళీలు ఎన్నో లెక్కపెట్టుకోండి, అక్కడ ఒక చమత్కారం ఉంది, నేను చెప్పను. నేను మధ్యలో తిరుగుతూ ఉంటాను, ఎర్రర్ వస్తే పిలవండి, కానీ పిలిచే ముందు దాన్ని పైకి చదవండి.